వరుగు, వడియము, ఊరుఁగాయ: ఆంధ్రుల విందునకు పూర్వరంగము

విందును గూర్చి వ్రాసినవారు సామాన్యముగా విస్తరి ముందు కూర్చుండియే వ్రాసిరి. కావ్యములలోని పెండ్లి భోజనములు, పూటకూటి యిండ్ల వర్ణనలు, దేవాలయ శాసనములలోని నైవేద్యపు పట్టికలు, ఇవన్నియు వడ్డనతోనే మొదలగును. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కావ్యములనుండి ఆహార విషయములను ఏఱి కూర్చు మార్గమును మనకు చూపినది. ఆ త్రోవనే నడచుచు ఒక్క అడుగు వెనుకకు వేసి, వడ్డనకు ముందు జరిగిన పనిని, అనగా కూరగాయలను ముందుగా సిద్ధపఱచుకొను పద్ధతిని, ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

మమ్ము ఈ పనికి పురికొల్పిన దొక అభిప్రాయము. వరుగులు, వడియములు పచ్చికూర దొరకని కాలమున లేనివారు తిను తిండి యనియు, కలవారి పంక్తిలోనికి అవి తరువాతి కాలమున వచ్చినవనియు పలువురు తలచుచుందురు. వర్షాభావముగల సీమలలో వరుగు కఱవునాటికి ఆదుకొన్న మాట సత్యమే. దానిని మేము కాదనము. కాని, మనకు దొరకు సాక్ష్యములలో ముఖ్యమైనది వరుగును కఱవుతో గాక అతిథిపూజతో ముడివెట్టుచున్నది.

మొదట మాటలను చూతము. ‘వరుగు’ అను పదమును ప్రాచీనులు ‘వఱుగు’ అని శకటరేఫముతో వ్రాసిరి. అనావృష్టిని చెప్పు ‘వఱపు’ను, తమిళులు ఎండబెట్టిన కూరకు వాడు ‘వఱ్ఱల్’ పదమును (వాడుకలో వత్తల్) దీని సజాతీయములు. ఎండుట, ఇంకుట అనునదే వీని ధాత్వర్థము. కఱవునకును వరుగునకును మూలమున ఉన్నది ఒక్క ఎండయే. నేలను ఎండ తానుగా ఎండించిన వఱపు, కాయను మనుష్యుడు తాను కోరి ఎండించిన వఱుగు. ‘వడియము’ను సంస్కృత ‘వటిక’తో పోల్చుట వాడుకలో నున్నది. ఉత్తర భారతమున ‘వడీ’, ‘బడీ’ అనునవి దీనికి దాయాదులు.

‘ఊరుఁగాయ’ మఱింత ఆసక్తికరమైనది. ఊరు, కాయ అను పదములు కలియగా నకారము చేరి, కకారము గకారమై ఈ రూపము వచ్చినది. దీనిని నేడు ‘ఊరగాయ’ అనుచున్నాము. కన్నడమువారి ‘ఉప్పినకాయి’ ఉప్పును చెప్పును. తెలుగు పదమును, తమిళమున ‘ఊఱుకాయ్’ అను పదమును ఉప్పును గాక కాలమును చెప్పును. అదియును గడచిన కాలము కాదు. ‘ఊరినకాయ’ అని మనవారు అనలేదు. ఊరుచుండుటయే స్వభావముగా గలది ఊరుఁగాయ. జాడిలో మూతవెట్టిన పిదపను పని సాగుచునే యుండునని ఈ పేరు పెట్టినవారు ఎఱుగుదురు.

ఇక సాహిత్య సాక్ష్యము. శ్రీకృష్ణదేవరాయలు (పాలనము 1509–1529) ‘ఆముక్తమాల్యద’ ప్రథమాశ్వాసమున విల్లిపుత్తూరిలోని విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టు భోజనమును ఋతువుల వారిగా వర్ణించెను. ఈ పద్యములు విద్యార్థులందఱకు పరిచితములే. అయినను, వీనిని వంటకముల పట్టికగా చదువుట అలవాటైపోయినందున, ఇందు దాగిన కాలగణనము కంటబడుట లేదు.

వర్షాకాలపు భోజనమును చూడుడు. ముసురు పట్టిన దినములు. పొడికట్టె దొరకదు. కావున ఎండిన నారికేళమును వంటచెఱకుగా వాడి అన్నము వండిరి. పొట్టు ఒలిచిన పప్పు కలదు. పోపు పెట్టిన కూరలు నాలుగైదు కలవు. ఆ పిమ్మట వడియములు, వరుగులు, పెరుగు, నేయి. ఇందు మేము గమనింపగోరునది రెండు విషయములు. వంటచెఱకు, ఒలిచిన పప్పు, వడియము, వరుగు, ఈ నాలుగింటిలో ఏదియు ఆనాటి పని కాదు. ఎండలున్న నెలలలో చేసి దాచినవే. రెండవది, నాలుగైదు కూరలు ఉండగనే వరుగులును వడ్డింపబడుచున్నవి. కూరకు బదులుగా వరుగు పెట్టెనని చెప్పుటకు ఈ పద్యము చోటీయదు. కూరలకు తోడుగా, అతిథికి గౌరవముగా పెట్టెననియే చెప్పవలెను. పదునాఱవ శతాబ్ది తొలి భాగమున ఒక చక్రవర్తి, భగవద్భక్తుల పంక్తికి తగిన వస్తువులుగా వడియమును వరుగును పేర్కొనెనన్న, వానికి అప్పటికే ఆ గౌరవము స్థిరపడియున్నదని తలచుట అన్యాయము కాదు.

శీతకాలపు పద్యమున మిరియపు పొడి, ముక్కునకు ఘాటెక్కు ఆవపచ్చళ్ళు, ఊరుఁగాయలు కనబడును. వేసవి పద్యమున పలుచని అంబలి, చెఱకుపాలు, ఎడనీళ్ళు, వడపిందెలు, నీరుచల్ల కనబడును. వరుగులు వేసవి భోజనమున లేకపోవుట గమనింపదగినది. వేసవి వరుగులను చేయు కాలము, వర్షర్తువు వానిని తిను కాలము. వంటయింటి సంవత్సరమును ఎఱిగిన కవి గాని ఇంత సరిగా పంచలేడు. రాజాంతఃపురమున నున్నవానికి ఈ జ్ఞానము ఎట్లు కలిగెనో యని ఆశ్చర్యపడువారు కలరు. మాకు అంత ఆశ్చర్యము లేదు. సైన్యమును నడపువానికి నిలువయుండు పదార్థముల విలువ తెలియకపోదు.

అదే ఆశ్వాసమున అర్ధరాత్రి విష్ణుచిత్తుని యింట వినవచ్చు మాటల పద్యము సుప్రసిద్ధము. శాకములు ఎక్కువగా లేవు, వేడిగా లేదు, పిండివంట లేదు, అన్నము మేలైనది కాదు, దయతో భుజింపుడని అతడు అతిథులను వేడుకొనును. క్షమాపణలలో మొదటిది శాకముల కొఱతయే. అన్నపు కొఱతకన్న, పిండివంటల లేమికన్న ముందు దానినే చెప్పెను. విందు కొలమానము విస్తరిలోని కూరల సంఖ్య యని దీనివలన తెలియుచున్నది. నడురేయి వచ్చినవానికి పెరటికి పోయి కూర కోసి వండుట సాధ్యము కాదు. వరుగుల కుండ, ఊరుఁగాయ జాడి ఉండవలసినది అట్టి వేళకే.

ఇతర కావ్యములను ఇంత నమ్మకముతో వాడుకొనజాలము. ‘శృంగారనైషధము’లోని దమయంతీ వివాహభోజనము శ్రీహర్షుని సంస్కృతమునుండి వచ్చినది; అందు తెలుగు పెండ్లి ఎంతయో, కాశ్మీర కాన్యకుబ్జముల పాండిత్యమెంతయో వేఱుచేయుట కష్టము. వినుకొండ వల్లభరాయని పేర నున్న ‘క్రీడాభిరామము’లో ఓరుగంటి పూటకూటి యింట ఒక్క రూకకు దొరకు భోజనమున నాలుగైదు నంజుళ్ళు చెప్పబడినవి. అవి పచ్చళ్ళో ఊరుఁగాయలో కవి చెప్పడయ్యెను. అయినను, ఎవడు వచ్చునో ఎందఱు వత్తురో తెలియని పూటకూటి యింట నంజుడుకు నిలువ సరకు తప్పదని ఊహింపవచ్చును. ‘హంసవింశతి’ వస్తువుల పట్టికలకు ప్రసిద్ధము. కాని పట్టిక ఉనికిని చెప్పునే గాని సందర్భమును చెప్పదు.

ఇచ్చట ఒక ధర్మశాస్త్ర సమస్య వచ్చును. పర్యుషితము, అనగా రాత్రి గడచిన వంటకము, నిషిద్ధము. భగవద్గీత పదునేడవ అధ్యాయము దానిని తామసాహారములలో చేర్చినది. అట్లయిన మూడు నెలల నాటి వరుగు, సంవత్సరము నాటి ఊరుఁగాయ శిష్టుల విస్తరిలోనికి ఎట్లు వచ్చినవి? మనుస్మృతి పంచమాధ్యాయమున దీనికి త్రోవ కలదు. పులిసినవానిలో పెరుగు, పెరుగునుండి కలిగినవి, మంచి పుష్ప మూల ఫలములతో ఊరవేసినవి తినదగినవని పదవ శ్లోకము. స్నేహద్రవ్యముతో, అనగా నూనెతోనో నేతితోనో కూడినది రాత్రి గడచినను తినవచ్చునని ఇరువది నాలుగవ శ్లోకము. నూనె తేలునట్లు నింపిన ఊరుఁగాయ జాడి ఈ రెండు మినహాయింపుల నడుమ నిలిచియున్నది. పచ్చిగా కోసి ఎండబెట్టిన వరుగు వండినది కాదు గనుక ధాన్యము వంటిదే. వంటకము కానిదానికి పర్యుషితత్వము లేదు. ఇది మా ఊహయే గాని, ఇండ్లలోని ఆచారమునకు సరిపోవుచున్నది. గోరుచిక్కుడు, కాకర వంటివానిని ఉప్పుతోనో మజ్జిగతోనో ఉడికించి ఎండబెట్టుదురు. వానిని తినుటకు ముందు నూనెలో వేయింతురు గనుక అవి రెండవ మినహాయింపులోనికి వచ్చును.

కావ్యమునుండి శాసనమునకు వచ్చిన నిరుత్సాహము కలుగును. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1931 నుండి ప్రకటించిన శాసన సంపుటములలో విజయనగర కాలపు నైవేద్య దానములు విస్తారముగా నున్నవి. బియ్యము, పెసలు, నేయి, పెరుగు, మిరియములు, ఉప్పు, అన్నింటిని తమిళమున ‘అముదు’ అను గౌరవపదముతో చేర్చి చెప్పిరి. కూరగాయలకు ‘కఱియముదు’ అను ఒక్క మాటయే. దాతకు పేరు కలదు, ప్రసాదములో భాగము పొందువానికి పేరు కలదు. కూర తఱిగినవారికి పేరు లేదు. లెక్క వ్రాయువాడు సరకును కొలుచును, చేతిపనిని కొలువడు. ఇండ్లలో ఈ పని చేసినది స్త్రీలు. వారు లెక్కలు వ్రాయలేదు, వారిని గూర్చి లెక్కలు వ్రాసినవారును లేరు. కావున ఈ చరిత్రను మాటలనుండియు, ఆచారములనుండియు, పంచాంగమునుండియు కూర్చుకొనవలసియున్నది.

పంచాంగము అనుటకు కారణము కలదు. తెలుగు దేశమున గట్టి ఎండలు మాఘమునుండి వైశాఖ జ్యేష్ఠముల వఱకు ఉండును. పండుగలు దట్టముగా వచ్చునది శ్రావణమున వరలక్ష్మీ వ్రతముతో మొదలై వినాయక చవితి, దసరా, దీపావళుల వఱకు. ఎండలకాలము ఒకటి, విందులకాలము మఱొకటి. నడుమ వానలు. మబ్బు పట్టిన దినమున కోసిన కాయ ఎండదు, బూజుపట్టును. ఇంటి యిల్లాలు భాద్రపదపు విస్తరిని ఫాల్గుణముననే తలచుకొనవలెను. వడియములు పెట్టు పని పండుగకు ముందు చేయు హడావిడి కాదు. రెండు ఋతువుల దూరమునుండి జరుగు ఏర్పాటు.

బూడిదగుమ్మడి వడియమునే తీసికొందము. సంక్రాంతినాటికి పాదులు ఎండి కాయలు చేతికి వచ్చును. ముదురుకాయ నెలల తరబడి చెడదు. పలు యిండ్లలో గుమ్మడికాయను మొదట పగులగొట్టునది పురుషుడు; పిదప తఱుగుట స్త్రీల పని. ముందునాటి సాయంకాలము సన్నగా తఱిగిన ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, బట్టలో మూటగట్టి, పైన బరువు పెట్టుదురు. ఉప్పు నీటిని లాగును, బరువు దానిని వెలికి నెట్టును. తెల్లవాఱునప్పటికి సగము నీరు పోవును. ఎండ చేయవలసిన పనిలో పెద్దభాగమును రాతిబరువు రాత్రియే చేసిపెట్టునన్నమాట. నానిన మినపపప్పును గట్టిగా రుబ్బి, ముక్కలు కలిపి, సూర్యోదయమునకు ముందే పాతచీరపై పెట్టుట మొదలిడుదురు. ఆలస్యమైన పిండి పులియును. మడి పాటించు ఇండ్లలో ఈ పని స్నానము చేసి తడిబట్టతోనో మడిబట్టతోనో చేయవలసినదే, ఏలయన పిండి తడిసరకు. తడికి అంటు కలదు, పొడికి లేదు. ఎండిన పిదప డబ్బాను ఎవరు ముట్టినను దోషము లేదు. కాకులను తోలుటకు పిల్లలను నిలుపుట మాత్రము అన్ని ఇండ్లలో నొక్కటే. కావలి కాయు పిల్లలు సగమెండిన వడియములను గిల్లి తినుట గూర్చి ధర్మశాస్త్రములు మౌనము వహించినవి.

రాయల కాలమునకును మనకును నడుమ జరిగిన గొప్ప మార్పు మిరపకాయ. అమెరికా ఖండములలో పుట్టిన ఈ కాయ, 1498 తరువాత పడమటి తీరమునకు వచ్చిన పోర్చుగీసువారి మూలమున మనకు చేరినది. విష్ణుచిత్తుని విస్తరిలో ఘాటు మిరియముది, ఆవది. క్రొత్తకాయకు మనవారు మిరియపు పేరునే సాగదీసి పెట్టిరి. మిరియము నుండి మిరపకాయ, తమిళమున మిళగు నుండి మిళగాయ్, కన్నడమున మెణసు నుండి మెణసినకాయి. మూడు భాషలును ఒకే ఉపాయమును పన్నుట భాషాశాస్త్ర విద్యార్థులు గమనింపదగినది. మిరపకారముతో ఎఱ్ఱబడినను ‘ఆవకాయ’ తన పేరున ఆవనే నిలుపుకొన్నది. పితృకార్యపు వంటలో మిరపకాయను విడిచి మిరియమునే వాడు ఇండ్లు పెక్కు కలవు. పాతపద్ధతిని పితరులకై దాచియుంచుట అన్ని జాతులలో కలదు. చరిత్రకారునికి తద్దినపు విస్తరి ఒక పాత ప్రతి వంటిది.

ఇంతవఱకు నెలల ముందు పనిని చెప్పితిమి. పెండ్లికి ముందునాటి రాత్రి పని వేఱు. అది కత్తిపీటది. కొన్ని సీమలలో దీనిని ఈలపీట యందురు. మన కత్తిపీటలో అలుగు కదలదు, కాయయే కదలును. పీటపై కాలుమోపి రెండు చేతులతో కాయను అంచునకు అందింపవలెను. ముక్కను బట్టి కూర తెలియును. పులుసునకు పెద్దముక్క, వేపుడునకు చక్రము, గుత్తివంకాయకు తొడిమ విడువక నాలుగు చీలికలు. ముందుగా కోసినను చెడకుండు ఉపాయములు ఒక్కొక్క కాయకు ఒక్కొక్కటి. వంకాయముక్క గాలి తగిలిన నల్లబడును గనుక ఉప్పునీట వేయుదురు. అరటికాయను మజ్జిగ కలిపిన నీట వేయుదురు. ఉప్పును, పులుపును ఆ నల్లదనమును కలిగించు ఎంజైమును అణచునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కందను కోయువారు చేతులకు నూనె రాచికొందురు. బచ్చలి మొదలగు ఆకుకూరలను రాత్రి ముట్టరు. వాడిపోవును, తెల్లవాఱుజాముననే తఱుగవలెను. గోదావరి జిల్లాల పెండ్లిండ్లలో పనసపొట్టు కొట్టుట ఒక విద్య. పాలు అంటకుండ కత్తికి నూనె పూసి పచ్చి పనసను సన్నని పొట్టుగా కొట్టుదురు. ఈ పనికి బలము కావలెను గనుక సామాన్యముగా పురుషులు కూర్చుందురు. ఆ పొట్టుకూరకును, కందబచ్చలికిని ఆవ నూరి కలుపుదురు. రాయల పద్యములోని ఘాటు ఈ రెండు కూరలలో ఇంకను నిలిచియున్నది.

వంట మడిలో జరుగవలెను. కాని పచ్చికూరకు అంటులేదు. ఈ నియమమువలననే పందిరిలో పదిమంది కూర్చుండి తఱుగుట సాధ్యమైనది. వియ్యపురాండ్రను గూర్చిన పరిహాసములు, పాటలు, తగవులు అక్కడనే జరిగెను. దీనిని పలువురు ముచ్చటగా వర్ణింతురు. మేమును కాదనము. కాని అదే నియమమునకు మఱియొక ముఖము కలదు. ఆ కాయలను పండించి, గంపలతో మోసి పందిరి వఱకు తెచ్చినవారిలో పెక్కుమందికి ఆ పంక్తిలో కూర్చుండు అర్హత లేకుండెను. వారి చేతి కాయకు అంటులేదు, వారి చేతి నీటికి కలదు. కూర ఏ క్షణమున తడిసెనో ఆ క్షణమున గీత గీయబడెను. విందును మాత్రమే చదివినవానికి ఈ గీత కనబడదు. విందునకు ముందు పనిని చదివినప్పుడు గాని అది తేటపడదు.

నేడు పెండ్లివంటను గుత్తకిచ్చుట సర్వసాధారణమైనది. కూరలను తఱుగునది కూలివారు, అనేకచోట్ల యంత్రములు. కత్తిపీట బల్లమీది కత్తికి చోటిచ్చినది. ‘తఱుగు’ అను క్రియ కూడ నగర కుటుంబములలో ‘కోయు’, ‘కట్ చేయు’ అనువానికి తొలగుచున్నది. ఊరుఁగాయయు వడియమును బజారున దొరకుచున్నను, విదేశములకు పోవు పిల్లల పెట్టెలలో ఇంట చేసినవియే సర్దుట ఇంకను కలదు. విమానాశ్రయమున పెట్టె బరువు ఎక్కువైనప్పుడు పుస్తకములు బయటికి వచ్చును, వడియముల పొట్లము లోపలనే యుండును. మా శిష్యులలో కొందఱు ఈ నేరమును మా యెదుటనే ఒప్పుకొనిరి.